పటియాలో అద్దెకు, ఖండగిరి వైపు సొంతానికి

ప్రశ్న: మాది బరంపురం, హిల్‌పట్నా. మావారు వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు. షుగరు, బీపీ ఉన్నాయి, మూడు నెలలకోసారి భువనేశ్వర్ ఎయిమ్స్‌లో చూపించుకుంటారు. అబ్బాయికి ఇన్ఫోసిటీలో ఉద్యోగం, పటియాలో నెలకు 12 వేలకు చిన్న వాటాలో ఉంటున్నాడు. మా చేతిలో 25 లక్షలు, అబ్బాయి లోను 30 లక్షలు, మొత్తం 55 లక్షల్లో భువనేశ్వర్‌లో ఇల్లు కొనాలనుకుంటున్నాం. బ్రోకరు మూడు చూపించాడు. పటియాలో ఆరేళ్ళ నాటి రెండు పడగ్గదుల ఫ్లాటు, 1180 అడుగులు, 58 లక్షలు. ఖండగిరి అవతల కడుతున్న ఫ్లాటు, 1240 అడుగులు, 49 లక్షలు, రెండేళ్ళలో ఇస్తారట. జట్నీ వెళ్ళే దారిలో రెండు గుంటల స్థలం, 36 లక్షలు. అబ్బాయి పటియా అంటాడు, మావారు ఖండగిరి అంటారు. శ్రీకాకుళంలో ఉండే మా మరిది స్థలమే కొనమంటాడు. పటియాలో మెట్రో వస్తుందని, రేట్లు పెరుగుతాయని బ్రోకరు చెబుతున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, ముందు తేల్చి చెప్పేస్తాం. మీ ఇంటి పరిస్థితికి ఖండగిరి వైపే సరిపోతుంది, ఈ విషయంలో మీవారి మాటే రైటు. కానీ బ్రోకరు చూపించిన ఆ 49 లక్షల ఫ్లాటే కొనాలని లేదు. అబ్బాయిని ఇంకొంతకాలం పటియాలో అద్దెకే ఉండనివ్వండి. స్థలం జోలికి మాత్రం ఇప్పుడు వెళ్ళకండి. ఎందుకో లెక్కలతో చూద్దాం.

మీరు రాసిన 1180, 1240 అనేవి సూపర్ బిల్టప్ అంకెలు. మెట్లు, లిఫ్టు, వరండా, గోడల మందం అన్నీ పంచి కలిపినవి. మీరు కాలు పెట్టేది కార్పెట్ ఏరియాలో. రెరా చట్టం (బిల్డర్ల అమ్మకాలను అదుపుచేసే చట్టం) ప్రకారం బిల్డరు అమ్మాల్సింది కూడా కార్పెట్ లెక్కనే. రెండు ఫ్లాట్లకూ కార్పెట్ ఎంతో బ్రోకరుని కాగితం మీద రాసిమ్మనండి. పాత ఫ్లాటైతే టేపు పట్టుకెళ్ళి గది గదీ కొలుచుకోండి, అరగంట పని. మీరు పంపిన ప్లాన్ల నుంచి మేము లెక్కేస్తే పటియా ఫ్లాటు సుమారు 845, ఖండగిరిది సుమారు 850 వచ్చాయి. కాగితం మీద 60 అడుగుల తేడా కనిపించింది. గదుల్లో మిగిలింది అయిదు అడుగులు. అంటే రెండూ ఒకే సైజు ఇళ్ళు. కార్పెట్ మీద చూస్తే పటియాలో అడుగు 6,864 రూపాయలు, ఖండగిరిలో 5,765. ఏ రెండు పేటల రేట్లు పోల్చాలన్నా ఇలా కార్పెట్‌కు దించాకే పోల్చాలి. పాత భవనాల్లో కలుపుడు తక్కువ ఉంటుంది, కొత్తవాటిలో క్లబ్ హౌసులనీ జిమ్ములనీ ఎక్కువవుతుంది. సూపర్ బిల్టప్ రేటు చూసి ‘ఇక్కడ చవక’ అనుకుంటే మోసపోతారు.

ఇక ఆ తొమ్మిది లక్షల తేడా. అది నిజంగా అంత లేదు.

పటియా ఫ్లాటు పాతది, కంప్లీషన్ అయిపోయింది కనుక జీఎస్టీ లేదు. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవారి పేర 5 శాతం, ఆడవారి పేర 4 శాతం. రిజిస్ట్రేషన్ ఫీజు ఎవరికైనా 2 శాతం. మీ పేర రాయిస్తే 6 శాతం చొప్పున 3 లక్షల 48 వేలు. బ్రోకరు కమిషన్ ఒక శాతం అనుకుంటే 58 వేలు. మొత్తం 62 లక్షల 6 వేలు. ధర 50 లక్షలు దాటింది కనుక ఒక శాతం, అంటే 58 వేలు, అమ్మేవారికి ఇవ్వకుండా పట్టి వాళ్ళ పాన్ మీద టీడీఎస్‌గా కట్టాలి. ఇది మీకు అదనపు ఖర్చు కాదు, వాళ్ళ డబ్బులోంచే. కానీ కట్టడం మరిచిపోతే నోటీసు వచ్చేది కొన్నవారికే.

ఖండగిరి ఫ్లాటు కడుతున్నది కనుక జీఎస్టీ పడుతుంది. కార్పెట్ 90 చదరపు మీటర్ల లోపు, మొత్తం ధర 45 లక్షల లోపు ఉంటే ఒక శాతమే. 90 మీటర్ల పరిమితి భువనేశ్వర్ లాంటి ఊళ్ళకు. హైదరాబాద్, కలకత్తా వంటి మహానగరాల్లో అది 60. మీ ఫ్లాటు 79 మీటర్లే, కొలతలో పాసయింది, కానీ 49 లక్షలు కనుక ధరలో ఫెయిలయింది. 5 శాతం చొప్పున 2 లక్షల 45 వేలు. ఇక్కడ బ్రోకర్లు ఒక సలహా ఇస్తారు: ఫ్లాటు 44 లక్షలు, పార్కింగుకీ ‘డెవలప్‌మెంటు’కీ విడిగా 5 లక్షలు అని రాయిద్దాం, ఒక శాతంలో పడుతుంది అని. పడదు. పార్కింగు, మంచి అంతస్తుకు తీసుకునే డబ్బు, ఇంకే పేరుతో తీసుకున్నా అన్నీ కలిపే 45 లక్షల లెక్క. తర్వాత పన్నువాళ్ళు అడిగితే బిల్డరు మీ మీదకే తోస్తాడు.

దానికి రిజిస్ట్రేషన్ 6 శాతం, 2 లక్షల 94 వేలు. ఇప్పటికి 54 లక్షల 39 వేలు. ఇల్లు చేతికి వచ్చేదాకా రెండేళ్ళు అబ్బాయి అద్దె కట్టాలి, 2 లక్షల 88 వేలు. అంటే 57 లక్షల 27 వేలు. తొమ్మిది లక్షల తేడా నాలుగు లక్షల 79 వేలకు దిగింది. బిల్డరు ఆర్నెల్లు ఆలస్యం చేస్తే ఇంకో 72 వేలు తగ్గుతుంది. బ్యాంకు విడతలుగా ఇచ్చే లోను మీద ఈ రెండేళ్ళూ కట్టే వడ్డీ సరేసరి.

అయినా ఖండగిరే అంటున్నాం. ఎందుకంటే పటియా ఫ్లాటు మీ 55 లక్షల్లో లేదు, ఏడు లక్షలు పైన ఉంది. అబ్బాయి లోను 30 నుంచి 37 లక్షలకు పెరగాలి. వడ్డీ 8.5 శాతం, ఇరవై ఏళ్ళు అనుకుంటే లక్షకు నెలకు సుమారు 868 రూపాయలు. 30 లక్షలకు ఈఎంఐ 26 వేలు, 37 లక్షలకు 32 వేలు పైన. ఆ ఆరు వేలు ఇరవై ఏళ్ళ పాటు. స్టాంపు డ్యూటీకీ రిజిస్ట్రేషన్‌కూ బ్యాంకు లోను ఇవ్వదని కూడా గుర్తుంచుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆ ఖర్చు ఇంటి విలువలో కలపరు. అది మీ 25 లక్షల్లోంచే పోవాలి.

‘పటియాలో కొని అద్దెకిస్తే ఈఎంఐ దానంతటదే తీరిపోతుంది’ అని మీ అబ్బాయి స్నేహితులు ఎవరో ఒకరు అనే ఉంటారు. లెక్క వేయండి. అలాంటి ఫ్లాటుకు నెలకు 19 వేలు అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి పన్నెండు నెలలూ రాదు, పదకొండే లెక్కించండి: 2 లక్షల 9 వేలు. మెయింటెనెన్సు అడుగుకు రెండున్నర చొప్పున ఏడాదికి 35 వేలు, హోల్డింగు ట్యాక్సు, చిన్నా చితకా రిపేర్లు తీస్తే లక్షా 70 వేల దగ్గర మిగులుతుంది. 62 లక్షలు పెట్టి లక్షా 70 వేలు అంటే 2.7 శాతం. ఖండగిరిలో 14 వేల అద్దెకు ఇదే లెక్క వేస్తే సుమారు 2.1 శాతం వస్తుంది. లోను వడ్డీ 8.5. రెండు చోట్లా అద్దె కోసం కొనడం నష్టమే, పటియాలో నష్టం కాస్త తక్కువ, అంతే తేడా. అందుకే మీ ప్రశ్న ‘ఏ పేటలో రేటు పెరుగుతుంది’ అని కాకుండా ‘పదిహేనేళ్ళు ఎక్కడ ఉండబోతున్నాం’ అని మారాలి.

ఈ రెండు పేటల బేరం నడిపే మనుషులు వేరు. పటియాలో ఇల్లు అడిగేది ఇన్ఫోసిటీ ఉద్యోగులు, కిట్ యూనివర్సిటీ చుట్టూ ఉండే చదువుకునే పిల్లలు, వాళ్ళకు ఇళ్ళు అద్దెకిచ్చుకోవాలనుకునే పెట్టుబడిదారులు. అద్దె ఇల్లు ఖాళీ అయితే త్వరగా నిండుతుంది. అదే సమయంలో నందన్‌కానన్ రోడ్డు పొడవునా కొత్త అపార్టుమెంట్లు లేస్తూనే ఉంటాయి కనుక ఆరేళ్ళ పాత ఫ్లాటు అమ్మాలంటే పక్కనే మెరిసే కొత్తదానితో పోటీ పడాలి. పైగా అద్దెకున్నవాళ్ళు ఎక్కువైన భవనంలో అసోసియేషన్ మీటింగుకు ఓనర్లు రారు, మెయింటెనెన్సు బాకీలు పేరుకుంటాయి, లిఫ్టు ఆగితే ఆగినట్టే. ఖండగిరి, జగమరా, డుమడుమా, ఐగినియా వైపు ఎక్కువమంది సొంతానికి కొనుక్కుని ఉండేవారు. ప్రభుత్వోద్యోగులు, రిటైరైనవాళ్ళు, మన గంజాం వైపు నుంచి వచ్చినవాళ్ళు. అక్కడ బేరం నిదానంగా నడుస్తుంది. కొన్నవాడు ఉండిపోతాడు కనుక అమ్మకానికి వచ్చే మంచి ఇళ్ళు తక్కువ, వెతకాలి.

మీవారికి ఎయిమ్స్ ముఖ్యం. అది సిజువాలో ఉంది, ఖండగిరి వైపే. పటియాలో ఉంటే మూడు నెలలకోసారి ఊరు మొత్తం దాటి రావాలి. బరంపురం నుంచి ఖుర్దా మీదుగా పదహారో నంబరు హైవేలో వచ్చే బస్సుకు బరముండా బస్టాండు కన్నా ముందే ఖండగిరి తగులుతుంది. పండక్కీ పబ్బానికీ మీ ఊరు వెళ్ళి వచ్చేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. అబ్బాయి ఉద్యోగం ఇవాళ ఇన్ఫోసిటీలో, రేపు హైదరాబాదో పుణేనో కావచ్చు. మీవారి డాక్టరు మారడు. మారేదాన్ని బట్టి అద్దె ఇల్లు, మారనిదాన్ని బట్టి సొంతిల్లు చూసుకోండి.

మెట్రో సంగతి అడిగారు. ఎయిర్‌పోర్టు నుంచి త్రిశూలియా దాకా వేస్తామని 2024 జనవరి 1న శంకుస్థాపన అయితే జరిగింది. రైలు కంటికి కనబడేదాకా మెట్రో పేరు చెప్పి అడిగే రేటుకు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వకండి. ఇవాళ ఉన్న రోడ్డు, ఇవాళ ఉన్న సిటీ బస్సు, వీటికే ధర కట్టండి.

ఇప్పుడు కాగితాలు. భువనేశ్వర్‌లో ఇల్లు చిక్కుల్లో పడేది ఎక్కువగా ఇక్కడే. కాస్త ఓపిగ్గా చదవండి.

ఒడిశా భూ రికార్డుల భూలేఖ్ వెబ్‌సైటు తెరిచి ఖుర్దా జిల్లా, తహసీలు, ఆర్.ఐ. సర్కిలు, మౌజా (రెవెన్యూ గ్రామం) ఎంచుకుని ప్లాటు నంబరు కొడితే ఖతియాన్ (భూమి హక్కుల పత్రం) వస్తుంది. ఒడియాలోనే ఉంటుంది, చదవడం రానివాళ్ళు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. మొదటి పేజీలో రైతు పేరు, తండ్రి పేరు, జాతి, ఊరు, హక్కు రకం ఉంటాయి. హక్కు రకం దగ్గర ‘స్థితిబాన్’ అని ఉండాలి. అది సొంత హక్కు. ప్రభుత్వ లీజు భూమి అయితే కథ వేరు. చంద్రశేఖర్‌పూర్, పటియా వైపు ప్రభుత్వ లీజు భూములు తగులుతుంటాయి, అవి చేతులు మారాలంటే జనరల్ అడ్మినిస్ట్రేషన్ శాఖ అనుమతి కావాలి. రైతు జాతి ఎస్సీ లేదా ఎస్టీ అని ఉంటే, ఒడిశా భూ సంస్కరణల చట్టం 22వ సెక్షన్ ప్రకారం అధికారి ముందస్తు అనుమతి లేకుండా ఇతరులకు చేసిన అమ్మకం చెల్లదు. బిల్డరు ఆ భూమి ఎవరి దగ్గర కొన్నాడో కూడా ఈ కోణంలో చూడాలి. మధ్యలో ఒక్క అమ్మకం అనుమతి లేకుండా జరిగినా దాని మీద నిలబెట్టిన నాలుగంతస్తులూ గాలిలోనే.

వెనక పేజీలో ప్లాటు నంబరు, కిసమ్ (భూమి రకం), విస్తీర్ణం ఉంటాయి. కిసమ్ ‘ఘరబారి’ (ఇంటి స్థలం) అని ఉండాలి. ‘శారద’ అనో మరేదో పంట భూమి పేరు ఉంటే తహసీల్దారు దగ్గర అదే భూ సంస్కరణల చట్టం 8ఏ సెక్షన్ కింద మార్పిడి జరగాలి. మార్చామని నోటితో చెబితే చాలదు, భూలేఖ్‌లో ఘరబారి అని కనబడాలి. ‘గోచర్’ (పశువుల మేత భూమి) అని కనిపిస్తే మారు మాట్లాడకుండా వెనక్కి వచ్చేయండి. పాత దస్తావేజుల్లో సాబిక్ (పాత సర్వే) నంబరు ఉంటుంది, ఇప్పటి ఖతియాన్‌లో హాల్ (ఇప్పటి సర్వే) నంబరు ఉంటుంది. రెండూ ఒకే ముక్కవని చూపించే కాగితం అడగండి. ఆ ముడి తెగిన చోటే ఒకే నేల ఇద్దరికి అమ్ముడుపోతుంది. సబ్ రిజిస్ట్రార్ దగ్గర 30 ఏళ్ళకు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల చిట్టా) తీయించండి, సాబిక్, హాల్ నంబర్లు రెండింటి మీదా.

ఖండగిరికి ప్రత్యేకంగా ఒకటుంది. ఉదయగిరి, ఖండగిరి గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఆ రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం పూర్తిగా నిషేధం. ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, కట్టాలన్నా, పెద్ద రిపేరు చేయాలన్నా నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ అనుమతి తప్పనిసరి. కొలత గుహ దగ్గర నుంచి కాదు, రక్షిత స్థలపు హద్దు నుంచి. బ్రోకరు ‘గుహలు అరకిలోమీటరు దూరంలో ఉన్నాయి’ అంటే ఆ దూరం దేనికి కొలిచాడో అడగండి. మాఘ సప్తమికి అక్కడ జరిగే మేళా రోజుల్లో చౌరస్తా ఎలా ఉంటుందో ఒకసారి చూసి వస్తే, కొండకు ఎంత దగ్గరగా ఉండాలో మీకే తెలుస్తుంది. పత్రపడా, తమాండో వైపు ఈ గొడవ లేదు.

కడుతున్న ఫ్లాటుకు ఒడిశా రెరా నంబరు ఉందా అని మొదట చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టులో గానీ రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. రెరా సైటులో ఆ ప్రాజెక్టు పేజీ తెరిస్తే పూర్తి చేస్తామన్న తేదీ, మంజూరైన ప్లాను, భూమి కాగితాలు కనిపిస్తాయి. బ్రోకరు చెప్పిన ‘రెండేళ్ళు’ ఆ తేదీతో సరిపోతుందో లేదో చూడండి. తేడా ఉంటే రెరా తేదీనే నమ్మండి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డరుకు లేదు. అంటే మీ విషయంలో 4 లక్షల 90 వేలు. ‘బుకింగుకు పది లక్షలు కట్టండి, అగ్రిమెంటు తర్వాత’ అంటే అది చట్టవిరుద్ధమని చెప్పి కుర్చీలోంచి లేవండి. తేదీ దాటిపోతే వడ్డీతో డబ్బు వెనక్కి అడగడానికీ, ఉంటామంటే నెలనెలా వడ్డీ అడగడానికీ రెరా చట్టం 18వ సెక్షన్ ఉంది. అప్పజెప్పాక అయిదేళ్ళ దాకా కట్టడపు లోపాలు బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి.

2022లో ఒరిస్సా హైకోర్టు ఆదేశాల తర్వాత ఫ్లాట్ల రిజిస్ట్రేషన్లు చాలాకాలం చిక్కుల్లో పడ్డాయి. ఉమ్మడి స్థలం ఫ్లాటు కొన్నవాడి పేరుతోనా, అసోసియేషన్ పేరుతోనా అన్నది అసలు తగవు. 2023లో ఒడిశా అపార్టుమెంటు చట్టం వచ్చింది. కనుక కొత్తదైనా పాతదైనా ఒక మాట అడగండి: అసోసియేషన్ రిజిస్టరయిందా, ఉమ్మడి స్థలం దాని పేర రాశారా? పాత భవనంలో ఇది జరక్కపోతే మీరు మళ్ళీ అమ్మేటప్పుడు కొనేవాడి బ్యాంకు లాయరు మిమ్మల్ని ఇదే అడుగుతాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు, బీడీఏ (భువనేశ్వర్ డెవలప్‌మెంట్ అథారిటీ) మంజూరు ప్లాను తీసుకుని భవనం ముందు నిలబడి అంతస్తులు లెక్కపెట్టండి. ప్లానులో స్టిల్టు మీద నాలుగుండి పైన అయిదోది కనిపించిందంటే, మీరు కొనేది రెండో అంతస్తైనా తలనొప్పి భవనం మొత్తానిదీ.

స్థలం గురించి. మీ మరిదిగారు శ్రీకాకుళం లెక్కలో చెబుతున్నారేమో చూసుకోండి. ఆంధ్రలో గుంట అంటే ఎకరంలో నలభయ్యో వంతు, 121 గజాలు. ఒడిశాలో గుంట అంటే ఎకరంలో ఇరవై అయిదో వంతు, 4 డెసిమళ్ళు (మన సెంట్లు), 193.6 గజాలు. బ్రోకరు రెండు గుంటలన్నాడంటే ఖతియాన్‌లో 8 డెసిమళ్ళు, అంటే 3,484.8 చదరపు అడుగులు ఉండాలి. ఆరు ఉంటే ధర అక్కడే వందకు పాతిక పెరిగిందన్నమాట కాదు, మూడింట ఒక వంతు పెరిగింది. ఎనిమిది ఉన్నా అందులో దారికి పోయేది ఎంతో అడగండి. పొలాన్ని ముక్కలు చేసి, లేఔటు అనుమతి లేకుండా అమ్మే స్థలాలు ఆ దారిలో దొరుకుతాయి. రిజిస్ట్రేషన్ అయినా ఇల్లు కట్టడానికి ప్లాను రాదు, ప్లాను లేకపోతే బ్యాంకు లోను ఇవ్వదు. అన్నీ సవ్యంగా ఉన్నా 36 లక్షలు నేలకు పెట్టాక ఇల్లు కట్టడానికి మీ దగ్గర మిగిలేది 19 లక్షల లోపు. రిటైరైన మనిషి రోజూ మేస్త్రీ వెనక తిరగగలరా అన్నదీ ఆలోచించండి.

పేట చూడ్డానికి ఎప్పుడు వెళ్ళాలో కూడా చెప్పాలి. భువనేశ్వర్ నేల పడమట ఎత్తు, తూర్పుకు వాలు. ఊరి వాననీళ్ళన్నీ నాలాల గుండా తూర్పున గంగువా నాలాలోకి పోతాయి. ఎత్తు మీద ఉన్న పేట అని ధీమా పడకండి, నాలా పక్కనున్న సందు ఏ పేటలోనైనా మునుగుతుంది. ఆషాఢ శ్రావణాల్లో గట్టి వాన కురిసిన రెండు గంటల్లోపు వెళ్ళి సెల్లారు, గేటు ముందు రోడ్డు చూడండి. ఎండాకాలంలోనే చూడాల్సి వస్తే పార్కింగు స్తంభాల మీద మట్టి గీత ఉందేమో చూడండి, సున్నం వేసినా ఆ గీత కింద పెచ్చులు లేస్తాయి. నీళ్ళు కార్పొరేషను పైపువా, బోరువా అడిగి, కుళాయి తిప్పి వాసన చూడండి. బోరు నీళ్ళలో ఇనుము ఉంటే కమోడులో, గచ్చు మీద కాషాయ రంగు చారలు కడతాయి. యాసిడ్ పోసి కడిగారా అన్నదీ కనిపెట్టవచ్చు: కుళాయి చుట్టూ స్టీలు మెరుపు పోయి మసకబారి ఉంటుంది. ఫైలిన్ చూసిన బరంపురం వాళ్ళకు తుఫాను గురించి చెప్పనక్కర్లేదు. 2019 మే 3న ఫొని భువనేశ్వర్‌ను కూడా అలాగే కొట్టింది. పై అంతస్తు, గాలి కొట్టే వైపు గోడలకు లోపల చెమ్మ మరకలు ఉన్నాయేమో, స్లైడింగు కిటికీల కింద గచ్చు ఉబ్బిందేమో చూడండి. జనరేటరు లిఫ్టుకూ పంపుకూ రెండింటికీ పనిచేస్తుందా అని వాచ్‌మన్‌ని అడగండి, సెక్రటరీని కాదు.

రాత్రి ఎనిమిదికి కింద నిలబడి చీకటి కిటికీలు లెక్కపెట్టండి. సగం చీకటిగా ఉంటే కొన్నవాళ్ళు ఉండడం లేదన్నమాట. ఆ భవనంలో బేరం చేయడానికి మీకు బలం ఉంది. చుట్టుపక్కల గోడల మీద ఉన్న టు-లెట్ నంబర్లకు ఒక అయిదారింటికి ఫోను చేస్తే అసలు అద్దె ఎంతో బయటపడుతుంది, మనం అనుకున్న 19 వేలు నిలబడుతుందో లేదో అప్పుడు చూడండి. ధర విషయంలో మాత్రం రిజిస్ట్రేషన్ శాఖ బెంచ్‌మార్కు విలువను మార్కెట్టు ధర అనుకోకండి. అది స్టాంపు డ్యూటీ వేయడానికి ప్రభుత్వం పెట్టుకున్న కనీస విలువ. మీరు రాయించేది దానికన్నా తగ్గకూడదు, అంతవరకే దాని పని. నిజమైన ధర తెలియాలంటే ఒకే ఈడు భవనాలు, ఒకే కార్పెట్, పార్కింగుతో కలిపి మూడు ఫ్లాట్లు చూసి, అవి ఎన్నాళ్ళుగా అమ్మకానికి ఉన్నాయో అడగండి. ఆరు నెలలుగా పడున్న ఫ్లాటుకు చెప్పే రేటు ఆశ మాత్రమే.

మీరు ఇప్పుడు చేయాల్సింది: అదే ఖండగిరి వైపు, జగమరా నుంచి పత్రపడా దాకా, అయిదు నుంచి పదేళ్ళ లోపు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు ఉన్న తయారు ఫ్లాటు 48 లక్షల లోపు వెతకండి. జీఎస్టీ ఉండదు, ఎదురుచూపు అద్దె ఉండదు. 48 లక్షలకు 6 శాతం 2 లక్షల 88 వేలు, కమిషను 48 వేలు. 51 లక్షల 36 వేలలో ముగుస్తుంది, మిగిలిన మూడున్నర లక్షలు రంగులకూ, కిటికీలకూ, సామాన్ల రవాణాకూ. మీవారు రిటైరయ్యే మార్చికల్లా దొరక్కపోతే ఖండగిరిలోనే ఏడాది అద్దెకు దిగండి, తొందరపడి కొనకండి. కడుతున్న 49 లక్షల ఫ్లాటుకు పైన చెప్పినవన్నీ సరిపోయి, అగ్రిమెంటు రిజిస్టరు చేస్తానంటే అది రెండో ఎంపిక.

పేరు విషయం. రిజిస్ట్రేషన్ మీ ఒక్కరి పేర అయితే మగవారి పేరతో పోలిస్తే ఒక శాతం, 48 లక్షల మీద 48 వేలు మిగులుతుంది. కానీ లోను అబ్బాయిది కనుక బ్యాంకు మిమ్మల్ని సహ దరఖాస్తుదారుగా పెట్టమంటుంది. ఇంటిలో వాటా లేకపోతే అబ్బాయికి వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. అతను కొత్త పన్ను విధానంలో ఉంటే, సొంతంగా ఉండే ఇంటికి ఆ మినహాయింపు ఎలాగూ లేదు, అప్పుడు మీ ఒక్కరి పేరే లాభం. పాత విధానంలో ఉంటే వాటా పెట్టాల్సిందే. ఈ ఒక్క ప్రశ్న అబ్బాయిని అడిగి తేల్చుకున్నాకే దస్తావేజు రాయించండి. బయానా ఇచ్చేటప్పుడు చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ, నేరుగా అమ్మేవారి ఖాతాకే వేయండి. ఈసీలోనో ఖతియాన్‌లోనో లోపం తేలితే ఎన్ని రోజుల్లో ఆ డబ్బు తిరిగి ఇస్తారో రసీదులోనే రాయించుకోండి.